వినేవాళ్ళు ఇరవై ఒక్కరు కావాలి

బహుళ పాడ్యమి

మా గవ్వలతిప్పను ఖాళీ చేయించడం నేరం. చేయించింది నీటిబోర్డు. ఆ బోర్డు అధ్యక్షుడి పేరు భానోజీరావు. ఈ మూడు ముక్కలూ ముందు రాసుకుంటే గాని నాకు మిగతాది రాయబుద్ధి కాదు.

పంపు పుస్తకంలో నీటిమట్టం తప్ప ఇంకేమీ రాయకూడదని బోర్డువాళ్ళు అట్ట మీదే అచ్చేశారు. నేను రాస్తాను. వద్దనడానికి తిప్ప మీద ఇంకో మనిషి ఉండాలిగా.

పోయిన వానాకాలంలో వచ్చారు. మీ కట్ట బలహీనపడింది, ఏ పోటుకైనా తెగుతుంది, బయల్దేరండి అన్నారు. రెండు వందల ఇళ్ళవాళ్ళని పడవలెక్కించి, పెద్దమెరక తీసుకుపోయి, బోర్డు గదుల్లో సర్దారు. తిరిగొచ్చేస్తారుగా, తలుపులూ అవీ ఊడబెరుక్కోకండి అని కూడా అన్నారు. ఇప్పుడేమో ఈ సభ సమావేశాలు అమావాస్యతో ముగిసేలోపు కట్ట బలహీనం కాదని ఎవరూ రుజువు చూపించకపోతే తిప్ప బోర్డుకి దఖలు పడుతుందట. దఖలు పడిన రోజే పంపు ఆపేస్తారు. సముద్రం కన్నా నిలువెత్తు పల్లంలో ఉన్న ఊరు మాది. పంపు ఆగితే నాలుగైదు పోట్లలో బడి కిటికీల దాకా నీళ్ళొస్తాయి. ఆ తరవాత గవ్వలతిప్ప అనేది ముసలాళ్ళు చెప్పుకునే ఊరి పేరు.

అందాకా పంపు నడపడానికి ఒక మనిషి ఉండాలని రూలు. జీతమిస్తామన్నా ఎవరూ రాలేదు. నేనొచ్చాను. మల్లాడి నూకరత్నం, చదువు ఐదో తరగతి.

పొద్దున్నే ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. ఉప్పు ఉంటే పలకలు కరెంటివ్వవు, పంపు తిరగదు. తరవాత నీళ్ళలోకి దిగి, పంపు గొట్టం అడుగునుండే ఫుట్ వాల్వుకి పట్టిన గుల్లలు గీకాను. మధ్యాహ్నం అన్నం వండితే ఇద్దరికి సరిపోయేంత అయింది. ఎంత తక్కువ బియ్యం పోసినా అంతే అవుతోంది. ఒక్కరికి వండుకోవడం ఎలాగో ఏ కరపత్రంలోనూ రాయలేదు.

కొలకర్ర మీద నీళ్ళు నాలుగో గాటు.

తదియ

సాయంత్రం డ్రమ్ము మళ్ళీ పలికింది.

లాకు బయట బోర్డువాళ్ళు తేలే డ్రమ్మొకటి కట్టిపోయారు. అది మా మంగతాయి అత్త గొంతుతో పిలుస్తుంది. నన్ను పెంచింది అత్తే. ఇప్పుడు పెద్దమెరకలో బోర్డు గదిలో ఉంది.

"రత్నం, చీకటి పడుతోందే. ఇంకెంతసేపే అక్కడ? వచ్చెయ్యమ్మా, చారు కాశాను."

అచ్చం అత్తే. 'చారు' అనేటప్పుడు ఆ సాగదీత కూడా ఉంది. మనిషి నోట్లోంచి వచ్చిన నాలుగు మాటలు దొరికితే యంత్రం ఆ గొంతుతో ఏడాదంతా మాట్లాడుతుంది. మొహాలూ అంతే, సంతకాలూ అంతే, కాగితాలూ అంతే. అందుకే మా ముత్తవ్వల కాలంలో చెవిచట్టం తెచ్చారు. బడి మానేశాక నేను చదివిందల్లా చేపల సొసైటీ గదిలో దొరికిన కరపత్రాల కట్ట. అందులో చెవిచట్టం మీద ఉన్నది నాకు కంఠతా వచ్చు. రాత చెల్లదు, బొమ్మ చెల్లదు, యంత్రం పట్టిన గొంతు చెల్లదు. మనిషి నోటితో చెప్పింది ఎదురుగా కూచున్న మనిషి వింటేనే చెల్లుతుంది.

అధికారులు దాచిపెట్టిన కాగితానికీ అదే దారి. సభ్యుడొకడు సభలో లేచి ఆ కాగితం అడిగితే తెచ్చి చేతికివ్వాలి, కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. దాన్ని అతను మొదటి నుంచి చివరి దాకా తన నోటితో చదవాలి. సభలో వినేవాళ్ళ మెట్ల మీద కూచున్న మామూలు జనం ఇరవై ఒక్కమంది అదంతా విని, ఒక్కొక్కరే "విన్నాను" అనాలి. ఇరవై ఒకటో "విన్నాను" అయిన మరుక్షణం ఆ కాగితం జనం సొత్తు. ఇక బోర్డు కాదు కదా, బోర్డు తాత వచ్చినా దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టలేడు.

మా కట్టని పరీక్ష చేసిన కాగితం ఒకటుంది. కట్ట మీద రంధ్రాలు వేసి మట్టి తీసుకెళ్ళినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఏం తేలిందయ్యా అంటే రహస్యం అన్నారు. మా తాతలు తట్టలతో మోసి పోసిన మట్టి సంగతి మాకే రహస్యం.

డ్రమ్ముకి జవాబు చెప్పకూడదని రోజూ అనుకుంటాను. ఇవాళ చెప్పేశాను. "చారులో ఇంగువ వేశావా?" అనడిగాను.

"వచ్చెయ్యమ్మా" అంది.

ఇంగువంటే అత్తకి పడదు. దానికా సంగతి తెలీదు. తెలీదని నాకు తెలుసు. అయినా జవాబు కోసం కాసేపు నిలబడ్డాను.

షష్ఠి

పోట్లు చిన్నబడ్డాయి. అష్టమికి అటూ ఇటూ సముద్రం మెత్తగా ఉంటుంది, పంపు ఆపి వెళ్ళినా కొంప మునగదు. ధనరాజు బాబాయి సరుకుల పడవ వస్తే అందులో పెద్దమెరక వచ్చేశాను. బాబాయి దారంతా నా మీద జోకులే.

"ఏమ్మా, తిప్పకి రాణివి. పన్నులేవైనా తగ్గిస్తావా?"

"నీ పడవ రేవులో ఆగకుండా చట్టం చేస్తాను."

"చెయ్ తల్లీ. నాకూ ఆ నడుంనొప్పి తప్పుద్ది."

మా తిప్ప తరఫున సభ్యుడు ఓలేటి వీరభద్రం మాస్టారు. నాకు ఎక్కాలు నేర్పిన మనిషి. ఆయన గది సభాభవనం వెనకాల. వెళ్ళేసరికి తెగిన చెప్పుకి దబ్బనంతో కుట్టు వేసుకుంటున్నారు.

"చేపలేమన్నా తెచ్చావా?" అన్నారు తలెత్తకుండా.

"తేలేదండీ. మీరు ఆ కాగితం చూశారా?"

"చూశాను. సభ్యులకి చూపించే గది ఉంది. లోపలికి పెన్ను కూడా పట్టుకెళ్ళనివ్వరు."

"ఏముందండీ అందులో?"

"చెబితే నా కుర్చీ పోద్ది. అది పోతే పోనీ, బయట అరుగుంది. నీ చెవి పోద్దే అమ్మాయ్. కాగితంలో ముక్క ముందే తెలిసినవాళ్ళు వినేవాళ్ళ లెక్కలోకి రారు."

నేను ఆయన మొహంలోకి చూశాను.

"నా మొహం చదవకు. దానికీ ఏదో రూలుంటుంది" అని చెప్పు పక్కన పెట్టారు. "చదవాలని నాకు ఎన్నాళ్ళ నించో ఉంది. మెట్ల మీద చూస్తే కాకులు. ఒక్కో కాగితాన్ని ఒక సమావేశంలో రెండుసార్లే అడగనిస్తారు. నువ్వు మనుషుల్ని తేగలనంటే ఎల్లుండి అష్టమి నాడు మొదటిసారి అడుగుతాను."

"తెస్తాను."

"వినేవాళ్ళు చెయ్యాల్సిన పనేంటో తెలుసా?"

"వినడం."

"కాదు. ఊరుకోవడం. చదువు అయ్యేలోపు నోరు విప్పినవాడు వినేవాడు కాడు. చట్టంలో అదే మొదటి వాక్యం. మీ కరపత్రాల్లో అది చిన్నక్షరాల్లో వేస్తారు."

ఆ మాట నాకు నచ్చలేదు. కరపత్రం రాసేవాళ్ళు ప్రాణాలకు తెగించి రాస్తారు. అక్షరాలు ఎంత పెద్దవో కొలుచుకుంటారా?

సప్తమి

పొద్దున్నుంచి బోర్డు గదుల చుట్టూ తిరిగాను. ఒకప్పుడు మా వీధిలో పిలిస్తే పలికే దూరంలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఒకరు నాలుగో అంతస్తులో, ఒకరు తొమ్మిదిలో. పక్క గదిలో ఎవరున్నారో తెలీదంటున్నారు. అడక్కుండానే కూర పంపించుకునే మనుషులు వీళ్ళు.

అత్త తలుపు తీసింది. నిజం గొంతు డ్రమ్ము కన్నా బొంగురుగా ఉంది. ఆ బొంగురు వినగానే నాకు ఏడుపొచ్చింది, కానీ ఆపుకున్నాను.

"చిక్కిపోయావేంటే. అక్కడ నీళ్ళు తోడుతున్నావా, నీళ్ళు తాగి బతుకుతున్నావా?"

"రేపు సభకి రావాలత్తా. మెట్ల మీద కూచోవాలి."

"గది లాగేసుకుంటారటే."

"లాక్కుంటే ఇంటికి పోదాం."

వరండాలో ఎవరో మొగాయన నవ్వాడు. మా వీధిలో వలలు కుట్టే అప్పన్న. "ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి రత్నం. అక్కడ పంపు ఆపితే నీళ్ళొస్తాయి. ఏది మేలో నువ్వే చెప్పు."

"నీ వల ఏదీ అప్పన్నా?"

"అమ్మేశా. ఇక్కడ ఎక్కడ వెయ్యను, మెట్ల మీదా?"

"రేపు ఆ మెట్ల మీదే కూచో. తిప్ప మనది అవునో కాదో తేలిపోద్ది."

"ఎన్నింటికి?" అన్నాడు అప్పన్న.

సాయంత్రానికి ఇరవై మందిని కూడగట్టాను. అత్త కూడా వస్తానంది, ఆమెతో కలిపే ఇరవై. నాతో ఇరవై ఒకటి. సరిగ్గా సరిపోయింది. కరపత్రాలు చదివిన చదువు ఈ పూటకి కూడూ గుడ్డా అయినట్టనిపించింది.

అష్టమి

రాయాలి. చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

పది గంటలకి మెట్లెక్కి కూచున్నాం. లెక్కగాడు వేలుతో చూపించుకుంటూ లెక్కపెట్టాడు. "ఇరవై ఒకటి" అని పైకి అన్నాడు. సభాపతి తలూపాడు. మాస్టారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, "గవ్వలతిప్ప కట్ట పరీక్ష కాగితం తెప్పించమని అడుగుతున్నాను" అన్నారు. తెచ్చారు. పచ్చ తాడు విప్పారు. ఎవరి గొంతూ అరువు తెచ్చుకోని మనిషి, నాకు ఎక్కాలు చెప్పిన ఆ పొడి గొంతుతోనే మొదలుపెట్టారు.

మొదటి మూడు వాక్యాలు చదివారు. అవి ఏమిటో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కింద తెలుస్తుంది.

మూడో వాక్యం అయ్యేసరికి నా చెవుల్లో హోరు పుట్టింది. ఎదురు వరసలో భానోజీరావు కూచున్నాడు. ఆ వాక్యాలు వింటూ మనిషన్నవాడు తల దించుకుంటాడని అనుకున్నాను. అతను ఆవులించాడు. నోటికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

నేను లేచాను. "దొంగముండాకొడకా, రెండు వందల ఇళ్ళు రా" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అత్త నా చీర కొంగు పట్టి లాగుతోందని తెలుస్తూనే ఉంది.

సభాపతి మెత్తగా అడిగాడు. "మెట్ల మీద ఎంతమంది వింటున్నారు?"

లెక్కగాడు మళ్ళీ వేలు చూపించాడు. నా దగ్గరికొచ్చేసరికి వేలు దాటిపోయింది. "ఇరవై" అన్నాడు.

"చదువు చెల్లలేదు. కాగితం లోపలికి పంపండి."

మాస్టారు కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. నా వైపు చూడలేదు. భానోజీరావు చూశాడు. నాకు అప్పుడు తట్టింది, ఆ ఆవులింత ఎవరి కోసమో. మొన్న రేవులో నీటిమట్టం లెక్క చూడాలని పంపు పుస్తకం తీసుకున్న బోర్డు మనిషి, నేను రాసిన రాతలన్నీ తిరగేసే ఉంటాడు. నా కోపం ఎంత దూరంలో ఉంటుందో వాళ్ళు కొలుచుకున్నారు.

ఈ సమావేశాలు అయ్యేదాకా మెట్ల మీద నా మొహం కనపడకూడదన్నారు. అది చిన్న శిక్ష. పెద్దది బయటికొచ్చాక మాస్టారు చెప్పారు. మూడు వాక్యాలు విన్న ఈ ఇరవై మందీ ఇక వినేవాళ్ళు కారు. ముందే తెలిసినవాళ్ళ కిందికి పోయారు. రెండోసారి అడిగితే ఇరవై ఒక్క కొత్త చెవులు కావాలి.

అత్త రేవు దాకా వచ్చింది. పడవెక్కేటప్పుడు అంది: "బతిమాలి తెచ్చుకున్నావు. వాళ్ళు గదులు పోయినా పోనీ అని వచ్చారు. అంతమంది చెవులూ ఒక్క అరుపుతో పాడుచేశావు కదే."

డ్రమ్ముకి ఆ మాట అనడం చేతకాదు.

నవమి

తిప్పకి వచ్చేసరికి ఎండ పలకలు సగం లేవు. మరమ్మతుకి తీసుకెళ్తున్నామని బోర్డు చీటీ అంటించారు. బోల్టులు మాత్రం వరసగా పెట్టి పోయారు, మర్యాదస్థులు.

మిగిలిన పలకలతో పంపు పగలు సగం సేపే తిరుగుతోంది. నీళ్ళు ఆరో గాటు. బడి వెనక వీధిలో చెమ్మ ఊరుతోంది. రాళ్ళు మోసి ఇళ్ళ గడపలకి అడ్డం పెట్టాను. ఎవరి గడప ఎవరిదో పైకి చెప్పుకుంటూ పెట్టాను, అదొక్కటే నాకు తోడు. అప్పన్న గడప. పూలమ్మ గడప. మా గడప.

అరిచి అరిచి బతికాను ఇన్నాళ్ళూ. ఇవాళ అరవడానికి మనిషి లేడు.

ఏకాదశి

ధనరాజు బాబాయి వచ్చాడు. సరుకు దింపకుండానే చెప్పాడు.

"నువ్వు నిన్న పెద్దమెరకలో ఏం చేస్తున్నావ్?"

"నేనిక్కడే ఉన్నాను."

"నీ గొంతు అక్కడుంది మరి. గదుల వరండాల్లో, రేవులో, చేపల బజార్లో. 'నేను నూకరత్నాన్ని, సభలో రెండో చదువు రద్దయింది, ఎవరూ రాకండి' అని. ఏడుస్తా కూడా చెప్తున్నావు. నేనే నమ్మాను."

సభలో నేను అరిచిన అరుపు సరిపోయింది వాళ్ళకి. దానిలోంచి కావలసినంత నన్ను తయారు చేసుకున్నారు.

"మాస్టారు రెండోసారి అడగడం లేదా?"

"అడుగుతున్నాడు. అమావాస్య రోజే, ఆఖరి పూట. మెట్ల మీదకి ఎవరొస్తారో ఆయనకీ తెలీదు. నీ సంగతి అడిగితే, 'రత్నాన్ని పంపు చూసుకోమను, మాట్లాడటం ఆపితే దానికి చాలా పనులు చేతనవుతాయి' అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి.

అమావాస్య పోటు ఈ పక్షంలోకెల్లా పెద్దది. సగం పలకలతో పంపు లాగలేదు, నేను చేత్తో కూడా తోడాలి. రమ్మన్నా వెళ్ళలేను. మాస్టారు చదివే గంటకి నేను మోకాళ్ళ లోతులో ఉంటాను.

"బాబాయ్, నేను కాగితాలు రాసిస్తే పంచుతావా?"

"రాత చెల్లదంటావుగా?"

"రుజువుగా చెల్లదు. పిలుపుగా చెల్లుతుంది. నీ చేత్తో ఇస్తేనే. గొంతు పట్టుకెళ్ళే యంత్రానికి నీ నడుంనొప్పి ఉండదుగా."

"అది మాత్రం నాదే" అని కూచున్నాడు. నేను రాయడం అయ్యేదాకా వెళ్ళనన్నాడు. వండిన అన్నం ఇద్దరికీ సరిపోయింది.

అదే రోజు, ధనరాజు చేతికిచ్చే కాగితం

ఇది చదివేవాళ్ళకి,

మీరెవరో నాకు తెలియదు. అలాంటివాళ్ళే కావాలి. గవ్వలతిప్పవాళ్ళలో రాదలుచుకున్నవాళ్ళు నా తప్పు వల్ల ఇక పనికిరారు. పెద్దమెరకలో పుట్టినవాళ్ళు, ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు, బజార్లో అల్లం అమ్ముకునేవాళ్ళు, మా తిప్ప పేరు కూడా ఇంతకుముందు విననివాళ్ళు, మీరు కావాలి. మా కట్ట సంగతి మీకేమీ తెలియకపోవడమే మీ అర్హత. అందుకే ఆ కాగితంలోంచి నేను విన్న మూడు వాక్యాలు కూడా ఇక్కడ రాయలేదు. రాయాలని చెయ్యి పీకుతోంది. రాయను.

మాకు మీరు చెయ్యాల్సిన సాయం చిన్నది. మా తరఫున కోపం తెచ్చుకోవద్దు. జై కొట్టొద్దు. ఎదురు వరసలో ఎవరైనా ఆవులించినా, నవ్వినా, నిద్రపోయినా, మీరు మాస్టారి నోటి కేసే చూడండి. దగ్గుండేవాళ్ళు మిరియం బుగ్గన పెట్టుకుని రండి. పసిపిల్లల్ని ఎవరికైనా అప్పగించి రండి. ఆఖరి వాక్యం అయ్యాక లెక్కగాడు మీ దగ్గరికొచ్చి ఆగుతాడు. అప్పుడు ఒక్క మాట అనండి, మీ సొంత గొంతుతో: విన్నాను.

ఇరవై ఒక్కరు చాలు. నలభై మంది వస్తే ఇంకా మంచిది. ఎవరికైనా నాలాగా నోరు జారితే, పక్కనున్నవాళ్ళు లెక్కకి వస్తారు.

నేను మీ మధ్య ఉండను. ఏం తేలిందో నాకు తెలియడానికి పడవ రావాలి. ఆ వేళకి నేను ఇక్కడ నీళ్ళు తోడుతూ ఉంటాను. అమావాస్య నాడు, పొద్దున పది గంటలకి, పెద్దమెరక సభాభవనం, వినేవాళ్ళ మెట్ల మీదకి రండి. వచ్చి, ఊరుకోండి.